పొగలేని వంటయిల్లు

హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున నూతనమైన యొక పొయ్యిని రూపొందించిన డాక్టరు యస్. పి. రాజు గారు, పొగలేని వంటయిండ్లను గూర్చి ఆంగ్లమున వ్రాసిన పుస్తకము 1953వ సంవత్సరమున మదరాసు క్రైస్తవ సాహిత్య సంఘమువారిచే ప్రకటింపబడినది. లక్షలాది సామాన్యులకు పొగలేని వంటయిల్లు అని దాని పేరునకు అర్థము. ఆనకట్టలు, కాలువలు, కట్టడములు మొదలగు పెద్దపనులకై యేర్పడిన శాస్త్రము వంగి కట్టెలపొయ్యిలోనికి చూచుట వింత గొల్పును. ఆ వింత మన నేలకు సంబంధించినది. ఆ పుస్తకము లేవదీసిన ప్రశ్నయో డెబ్బది యేండ్లు దాటినను తీరలేదు. కావున దానిని పట్టణపు గ్రంథాలయమున గాక, బాన్సువాడ వంటి యూరి వంటయింట నిలిచి విమర్శించుట యుక్తమని తలచితిమి.

మా యభిప్రాయమును ముందుగనే చెప్పెదము. పొగను ఇంటినుండి వెలికి పంపు దారిని రాజు గారు సరిగా కనుగొనిరి. కాని యా దారిని కట్టించునది యెవరు, తుడిచి కాపాడునది యెవరు, ఇంటి పైకములో దానికి భాగము పెట్టునది యెవరు అను ప్రశ్నలకు సమాధానము పొయ్యిలో దొరకదు. అది యింటి పెత్తనములో నున్నది. ఆ పెత్తనమును ముట్టక పొయ్యిని మాత్రము మార్పబోయిన ప్రయత్నములన్నియు సగము దారిలో నిలిచిపోయినవి.

బాన్సువాడ 2016 వరకు నిజామాబాదు జిల్లాలో నుండి, ఆ యేట కామారెడ్డి జిల్లాలో చేరినది. మంజీరానదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము ఆ ప్రాంతపు బ్రదుకును మార్చివేసెను. నవాబు అలీ నవాజ్ జంగు గారి కాలమున వెలసిన యీ జలాశయము రెండు లక్షల డెబ్బదియైదు వేల యెకరములకు నీరిచ్చునట్లు ఉద్దేశింపబడెను. మెట్టపంటల చోట వరి నిలిచెను, చెఱకు నిలిచెను. 1937లో బోధనునొద్ద నిజాము చక్కెర కర్మాగారము వెలసెను. 1950వ దశకమున ఆనకట్ట క్రిందనే విద్యుత్కేంద్రము నిర్మింపబడెను. జొన్నరొట్టె తిను నిండ్లలో వరియన్నము నిత్యమగుట కీ కాలువలే కారణము. పొలమునకు ఇంజనీరు వచ్చెను, చెఱకునకు యంత్రము వచ్చెను. ఆ పంటను అన్నముగా మార్చు చోటునకు మాత్రము ఎవ్వరును రాలేదు.

ఆ నాటి సామాన్యగృహపు వంటయింటిని తలచుకొందము. మట్టిగోడలు, పెంకుల కప్పు, వెలుతురు వచ్చుటకు తలుపే ఆధారము. మూలను మట్టిపొయ్యి, దాని ప్రక్కన కోడిపొయ్యి. కందికట్టె, తుమ్మకట్టె, పిడకలు వంటచెఱకు. వానకాలమున నవి తడిసినచో మంటకు ముందు పొగయే వచ్చును. అప్పుడు గృహిణి నేలకు వంగి ఊదుగొట్టము నోట బెట్టుకొని ఊదవలెను. ఆ వంటయింట యంత్రమనదగిన దేదైన నున్నచో అది యీ యూదుగొట్టమే; దానిని నడిపినది స్త్రీ యూపిరి. తెల్లవాఱక ముందు విసుర్రాతిపై జొన్నలు విసరుట, కుందెనలో వడ్లు దంచుట, చేటతో చెఱుగుట. వంటయైన పిమ్మట మసిపట్టిన గంజులను, సర్వలను బూడిదతో తోముట. చంకలో బిడ్డయున్నచో బిడ్డయు నా పొగనే పీల్చును.

ఈ శ్రమలో భాగమును తొలుత తగ్గించినది గిర్ని. కాని గిర్ని వంటయింటిలోనికి రాలేదు, ఊరిలోనికి వచ్చినది. వడ్లు ఆడించి బియ్యము చేయుటలోను, జొన్నలు పిండి చేయుటలోను వర్తకునకు లాభము గలదు గనుక అది వచ్చినది. దానివలన గృహిణి భుజములకు విశ్రాంతి కలిగిన మాట నిజము. దానిని తక్కువ చేయుట మా యుద్దేశము గాదు. అయితే కూలికి దంచి బ్రదుకు పేదస్త్రీల చేతినుండి పని జాఱిపోయెను. మరపట్టిన తెల్లని బియ్యమునుండి తవుడు పోవుటచే ఆహారమున సారమును తగ్గెను. 1934లో వార్ధాయందు అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించిన గాంధీ మహాత్ముడు దంపుడు బియ్యమును గూర్చి అంత పట్టుదల చూపుటకు ఇవియే కారణములు. ఒకే యంత్రము ఒక స్త్రీకి విశ్రాంతిని, మఱియొక స్త్రీకి పస్తును తెచ్చుట ఇందు గమనింపవలసిన విషయము. గృహోపకరణమును విమర్శించువారు ఈ రెండు లెక్కలను వేఱువేఱుగా వ్రాయవలెను.

కలవారి యిండ్లకు వచ్చిన సాధనములు వేఱు. స్వీడను దేశమున 1892లో లిండ్‌క్విస్టు కల్పించిన ప్రైమస్ స్టవ్వు, మన ప్రాంతమున గాసునూనె యనబడు కిరసనాయిలుతో మండునది. 1910లో కలకత్తాయందు ఇందుమాధవ మల్లిక్ గారు కల్పించిన ఇక్‌మిక్ కుక్కరు, ఒకదానిపై నొకటి పేర్చిన గిన్నెలలో అన్నము, పప్పు, కూర ఒక్కసారిగ నుడికించునది. ఇవి చక్కని కల్పనలు; కాని వీనిని కొనుటకు రొక్కము కావలెను. పంట యింటికి వచ్చిననాడే చేత రొక్కమాడు కాపువాని యింట, ప్రతిదినము నూనె కొని వండుట సాగునది కాదు. రాజు గారి పుస్తకము విలువ యిక్కడనే తెలియును. ఆయన దుకాణములో దొరకు వస్తువును గాక, పెరటి మట్టిని నమ్ముకొనిరి.

ఆయన పొయ్యి పని చేయు తీరు సులభముగ గ్రహింపదగినది. ఒక్కచోట మంట. ఆ మంట వేడిగాలి మట్టిలోని సొరంగమువంటి దారి గుండ పోవుచు, వరుసగా నమర్చిన తక్కిన గిన్నెల యడుగులను కాచి, తుదకు పొగగొట్టము గుండ కప్పు దాటి పైకి పోవును. వేడిగాలి తేలికయైనది గనుక గొట్టమున పైకి లేచును. అది లేచుచుండగా క్రిందనుండి క్రొత్తగాలి మంటలోనికి లాగబడును. ఊదుగొట్టము చేయు పనిని పొగగొట్టమే చేయును. మన తెలుగు వంటయింటి కోడిపొయ్యి మంట వేడిలో మిగిలిన దానిని కొంచెముగ వాడుకొనుటయే గదా! దానికే యొక దారియు తుదియు నేర్పఱచి శాస్త్రముగ చేసినదే యీ పొయ్యి యని చెప్పవచ్చును. తెలియని వస్తువును తెచ్చి పెట్టక, తెలిసిన దానినే సరిదిద్దుట సంస్కరణమునకు మేలైన పద్ధతి.

పొగ, మసి, ఉడుకు, వ్యర్థము, అగ్నిభయము: ఈ యైదింటినుండియు వంటయింటికి విముక్తి కలుగునని రాజు గారు ప్రతిపాదించిరి. 1941లో అమెరికా దేశాధ్యక్షుడు రూజ్‌వెల్టు లోకమునకు నాలుగు స్వాతంత్ర్యములను ప్రకటించెను. రాజ్యములను గూర్చి వాడిన యా మాటను పొయ్యిగడ్డకు దించి, అక్కడను ఒక బానిసత్వమున్నదని చూపుట సాహసమే. అంతకు మించి, స్త్రీ కన్నీటిని ఆమె నొసటి వ్రాతగా గాక, గాలి తప్పుదారి పట్టుటగా, అనగా సరిచేయదగిన లోపముగా చూచుట మఱింత సాహసము. ఈ పుస్తకమునకు మనము ఋణపడి యున్న దిందులకే.

ఇక లోపములు. ఇట్టి పొయ్యి కొలతలపై నాధారపడినది. దారి వెడల్పు తప్పినను, గొట్టము పొట్టిదైనను, మంట లాగదు. పొగ వెనుకకు తిరుగును. గిన్నె లేని కంతను మూయకున్నచో ఆ కంత గుండనే పొగ లోనికి వచ్చును. మన యిండ్లలో గంజులు, సర్వలు ఒక్క కొలతవి కావు; పండుగనాటి గుండిగ వేఱు, పసిబిడ్డ పాలగిన్నె వేఱు. కట్టెలను పొయ్యినోటికి తగినట్లు చిన్నవిగా నఱకవలెను. మట్టి బీటలు వాఱినపుడు మెత్తవలెను. గొట్టములో పేరుకొను మసిని అప్పుడప్పుడు దులపకున్న యెడల కొన్ని మాసములలో దారి పూడిపోవును. ఇవి సాంకేతికమైన చిన్న విషయములని తోచును. కాని వీనిలో నొక్కొక్కటి యెవరో యొకరు చేయవలసిన పని. కట్టెలు చిన్నవిగా నఱకునది యెవరు? కప్పు పైకెక్కి గొట్టము దులుపునది యెవరు? వంటయింటి పనియనినంతనే అదంతయు స్త్రీదేయని యెంచు నింట, పొగ తగ్గించు సాధనము ఆమెకు మఱి నాలుగు పనులను చేర్చును.

ఐదు విముక్తులలోను లేని యాఱవది యిక్కడ తేలుచున్నది. ఆ యైదును పొయ్యికిని, వంటగదికిని సంబంధించినవి. పొయ్యియొద్ద కూర్చుండు మనిషికి ఇంటి పైకముపై మాట యుండుట, ఆమె పనిలో తక్కినవారు పాలుపంచుకొనుట అనునది ఆ పట్టికలో చేరలేదు.

ఈ లోపము మన దేశమునకే పరిమితమైనది కాదు. 1926లో జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్టు నగరమున మార్గరెటె షుట్టె-లిహోట్స్కీ యను శిల్పశాస్త్రజ్ఞురాలు ఒక వంటయింటిని రూపొందించెను. అడుగులు లెక్కించి, చేయి చాచినంతలో సమస్తము నందునట్లు కూర్చిన ఆ వంటయిల్లు సుమారు పదివేల గృహములలో నమర్పబడెను. శ్రమ తగ్గెను, కాని యా చిన్న గదిలో ఒక్క మనిషి మాత్రమే పని చేయగలదు గనుక, తోడు వచ్చువారికి చోటు లేకపోయెను. అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ప్రకటించిన గ్రంథమున, యంత్రములు తొలుత తీసివేసినది కట్టెలు కొట్టుట మొదలగు పురుషుల యింటిపనిని అనియు, శుభ్రతకు కొలత పెరిగి స్త్రీ గంటలు తగ్గలేదనియు నిరూపించెను.

రాజు గారి పుస్తకము వెలువడిన తరువాత జరిగిన చరిత్ర మా విమర్శకు సాక్ష్యము. అంతకు ముందే 1947లో వార్ధా మగన్‌వాడియందు మగన్ పొయ్యి రూపొందెను. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజవికాస పథకమున పొగలేని పొయ్యి గ్రామసేవకుల బోధనలలో నొకటి యాయెను. 1983లో కేంద్రప్రభుత్వము మేలైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టి, 2002లో ముగించులోపల మూడు కోట్లకు పైగా పొయ్యిలను పెట్టించెను. కట్టిన పొయ్యిలను లెక్కించిరి కాని వెలుగుచున్న పొయ్యిలను లెక్కింపలేదని ఆ కార్యక్రమముపై వచ్చిన విమర్శ బలమైనది. ఒడిశాలో రెండువేలకు పైబడిన కుటుంబములను నాలుగేండ్లు పరిశీలించి రెమా హన్నా, ఎస్తేరు డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ 2012లో ప్రకటించిన పరిశోధన మఱియు స్పష్టము. మొదటి యేట స్త్రీలు పీల్చు పొగ తగ్గెను. తరువాతి యేండ్లలో ఆ మేలు కానరాలేదు. ఇంటివారు పొయ్యిలను సరిగా వాడలేదు, బాగుచేయించలేదు; వాడుక నానాటికి తగ్గిపోయెను. శాస్త్రము ఓడలేదు, శాస్త్రమును ఇంటిలో నిలుపు బాధ్యతకు దిక్కు లేకపోయెను.

ఇంతటి పట్టుదల యేల, పూర్వులు పొగలోనే బ్రదుకలేదా యని కొందఱందురు. పొగ పురుగులను చంపును, వాసములకు చెద పట్టనీయదు, కట్టెలపొయ్యి వంటకు రుచి హెచ్చు అనియు వాదింతురు. వాసములకు మేలు చేయు పొగ ఊపిరితిత్తులకును మేలు చేయునా? 1983లో కిర్క్ స్మిత్తును, ఆయన తోడి పరిశోధకులును గుజరాతు గ్రామములలో వంట చేయు స్త్రీలు పీల్చు గాలిని కొలిచి ప్రకటించిరి. నాటినుండి ఈ విషయమున సందేహమునకు తావు లేదు. చిన్నబిడ్డలకు న్యుమోనియా, పెద్దలకు దీర్ఘకాలపు శ్వాసవ్యాధి, హృద్రోగము ఈ పొగవలన కలుగుచున్నవి. ఇంటిపొగ మూలమున 2020లో లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కించినది. వారిలో రెండు లక్షల ముప్పదియేడు వేలమందికి పైగా అయిదేండ్లు నిండని పసివారు. ఇక రుచి మాటకు వత్తుము. ఆ రుచిని పొగడువారిలో ఊదుగొట్టము పట్టినవా రెందఱు?

స్త్రీలే యడుగలేదు గదా యను వాదము మఱియొకటి. అడుగుటకు, అడిగినది దొరకునను నమ్మకము ముందుండవలెను. ధాన్యమమ్మిన పైకము వంటయింటి గడప దాటి లోనికి రాని చోట, వంటయింటి కోరికయు గడప దాటి వెలికి రాదు.

నేడు గ్యాసు వచ్చినది గనుక ఈ పుస్తకముతో పని తీఱినదని తోచవచ్చును. 1955లో బొంబాయిలో బర్మాషెల్ కంపెనీ బర్షేన్ పేరున గ్యాసును ఇండ్లకు అందింప నారంభించెను. చాలకాలమది నగరపు సౌకర్యముగనే యుండెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో మొదలైన దీపము పథకము పొదుపు సంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షనుల నిచ్చెను. 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చెను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమున 58.6 శాతము కుటుంబములు వంటకు శుభ్రమైన ఇంధనము వాడుచుండెను. గ్రామములలో ఇది 43.2 శాతము. తెలంగాణమున మాత్రము పదింట తొమ్మిదిండ్లకు పైగా ఆ వాడుక వ్యాపించెను. ఇది సామాన్యమైన విజయము కాదు. దీనిని మనసార కొనియాడుచున్నాము.

కాని రాజు గారి పట్టికలో లేని యాఱవ విముక్తి యిక్కడను ఎదురగుచున్నది. ఈ పథకములందు గ్యాసు పుస్తకము స్త్రీ పేరిట నిచ్చిరి. పుస్తకముపై పేరు ఆమెదే. సిలిండరు నిండుకొన్ననాడు రెండవది తెప్పించు పైకము ఎవరి చేతిలో నున్నది? ఆ పైకము ఆలస్యమైననాడు ఆమె మరల పెరటి పొయ్యి ముట్టించును. చుట్టములు వచ్చిన నాటి పెద్దవంటకు, స్నానముల నీళ్ళకు, పశువుల కుడితికి కట్టెలపొయ్యి యింకను మండుచుండుట యెల్లరెఱిగినదే. గ్యాసున్న యింటిలోను పొగ పీల్చుట యుండుననుట కిదియే నిదర్శనము. సర్వేలు ప్రధాన ఇంధనమును అడుగును. రెండవ పొయ్యిని చూడవలసినది మనము.

కావున మన పాఠకులకు మేము చేయు సూచన సులభమైనది. గృహస్థులు ఈ సంవత్సరపు ఇంటిఖర్చును కాగితముపై వ్రాసి చూడవలెను. చావడిలో నలుగురు చూచు వస్తువులకు ఎంత, వంటయింటికి ఎంత? సిలిండరు పైకమును నెల మొదటనే వేఱుచేసి గృహిణి చేతికియ్యవలెను. ఆమె దానిని అడిగి తీసికొను స్థితి పోవలెను. పెరటిలో నీళ్ళపొయ్యి తప్పనిచో దానికి పొగగొట్టము పెట్టించి, కప్పెక్కి దానిని దులుపు పనిని మగపిల్లలకు నేర్పవలెను. క్రొత్తయిల్లు కట్టువారు మేస్త్రీతో మాటాడునపుడు, వంటయింటి కిటికీ యెక్కడ నుండవలెనో ఇంటి యిల్లాలినే చెప్పనీయవలెను. ఈ పనులలో దేనికిని ప్రభుత్వపు ఉత్తరువు అక్కఱలేదు.

రాజు గారి పుస్తకము నేటికిని చదువదగినది. అందలి పొయ్యి కొలతలు ఇక మన కంతగా ఉపయోగింపకపోవచ్చును. కాని పేదయింటి పొయ్యిని దేశసమస్యగా చూచిన యా దృష్టి పాతబడలేదు. ఆయన మట్టితో కట్టిన దారి పొగ పోవుటకు చాలినది. అది పూడిపోకుండ చూచు పని ఇంజనీరుది కాదు; ఆ యన్నము తిను ప్రతివానిది.